పుంటా కానాలో ట్రావెల్ ఏజెంటుగా దిగే ముందు: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో ట్రావెల్ ఏజెన్సీ పని మొదలుపెట్టిన తెలుగువారికి ఎక్కువ కాలం గడవకముందే ఒక ఆహ్వానం వస్తుంది: "మా రిసార్టు చూసి వెళ్లండి, గది మాది, భోజనం మాది." చాలాసార్లు ఆ రిసార్టు డొమినికన్ రిపబ్లిక్ తూర్పు కొసన, పుంటా కానాలో ఉంటుంది. మొదటిసారి బయల్దేరేవారు అడిగే ప్రశ్నలివి. జవాబులన్నీ పుంటా కానాను దృష్టిలో పెట్టుకొని రాసినవే. జమైకాలో పద్ధతి వేరైన చోట ఆ మాట కూడా చెప్పాను.

"ఆల్ ఇన్‌క్లూజివ్" అంటే నిజంగా అన్నీ కలిసేనా?

కాదు. గది, బఫే, విడి రెస్టారెంట్లలో భోజనం, మద్యంతో సహా పానీయాలు, రాత్రి ప్రదర్శనలు, మోటారు అవసరం లేని కయాక్ లాంటి ఆటలు సాధారణంగా కలిసే ఉంటాయి. స్పా, స్కూబా డైవింగ్, దీవుల యాత్రలు, గోల్ఫ్, ఖరీదైన వైన్లు, డాక్టరు ఫీజు సాధారణంగా బయటివి. విమానాశ్రయం నుంచి బస్సు కొన్ని ప్యాకేజీల్లో ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. ఈ బస్సు సంగతి చూసుకోకుండా టికెట్లు అమ్మిన ఏజెంటుకు రాత్రిపూట ఫోను మోగుతుంది.

ఈ పద్ధతికి మూలం కరీబియన్ కాదు. 1950లో జెరార్డ్ బ్లిట్జ్ మధ్యధరా సముద్రంలోని మల్లోర్కా దీవిలో గుడారాలు వేసి క్లబ్ మెడ్ మొదలుపెట్టాడు. కరీబియన్‌లో దీన్ని నిలబెట్టిన ఘనత ఎక్కువగా జమైకా వ్యాపారులది. జాన్ ఇస్సా 1976లో నెగ్రిల్‌లో ఒకటి తెరిచాడు. బుచ్ స్టువర్ట్ 1981లో మాంటెగో బేలో పాత హోటలు ఒకటి కొని శాండల్స్‌గా మార్చాడు. ఈ చరిత్ర మీకెందుకంటే, జంటలకు మాత్రమే అనే నియమం ఆ జమైకా సంప్రదాయంలోనే బలపడింది. పుంటా కానాలోనూ పెద్దలకు మాత్రమే అనే రిసార్టులు చాలా ఉన్నాయి. పిల్లలున్న కుటుంబాన్ని పొరపాటున అక్కడికి పంపితే రిసెప్షన్‌లోనే ఆగిపోతారు.

ఫ్యామ్ ట్రిప్పు, ఏజెంటు రేటు, సైట్ ఇన్‌స్పెక్షన్: మూడూ ఒకటేనా?

మూడూ వేరు. ఫ్యామ్ ట్రిప్పు అంటే రిసార్టో టూర్ సంస్థో కొందరు ఏజెంట్లను కలిపి పిలిచే యాత్ర. రోజంతా కార్యక్రమం ఉంటుంది, మీ ఇష్టం వచ్చినట్లు తిరగడానికి వీలుండదు. విమాన ఖర్చు తరచూ మీదే. ఏజెంటు రేటు అంటే మీ ఏజెన్సీ గుర్తింపు చూపించి తగ్గింపు ధరకు మీరే బుక్ చేసుకునే గది. అది సెలవు, ఎవరూ మిమ్మల్ని నడిపించరు. సైట్ ఇన్‌స్పెక్షన్ అంటే హోటలు అమ్మకాల విభాగం వారితో గంటో గంటన్నరో గదులు చూసి రావడం. వేరే హోటల్లో దిగినా ముందుగా ఈమెయిలు పంపితే సాధారణంగా ఒప్పుకొంటారు. కొత్తవారికి నా సలహా ఏజెంటు రేటు మీద వెళ్లి, చుట్టుపక్కల రెండు మూడు హోటళ్లకు సైట్ ఇన్‌స్పెక్షన్ అడగమనే. ఫ్యామ్ ట్రిప్పులో హోటలు చూపించాలనుకున్నదే చూస్తారు.

నేను హెచ్-1బీ మీద ఉన్నాను. ఖాళీ సమయంలో ఏజెంటుగా కమీషన్ తీసుకోవచ్చా?

వద్దు. హెచ్-1బీ వీసా మీద ఉన్నవారు స్పాన్సర్ చేసిన యజమాని దగ్గరే పని చేయాలి. పక్క ఆదాయంగా కమీషన్ తీసుకుంటే అది అనుమతి లేని ఉద్యోగం కిందికి వస్తుంది. హెచ్-4 మీద ఉండి పని అనుమతి కార్డు వచ్చినవారు సొంత వ్యాపారం చేసుకోవచ్చు. న్యూజెర్సీలోనూ డల్లాస్‌లోనూ ఈ పనిలో ఉన్న తెలుగువారిలో చాలామంది అలా వచ్చిన గృహిణులే. ఇంట్లో ఒకరికి అనుమతి ఉంది కదా అని ఇద్దరూ ఫోన్లు ఎత్తడం మొదలుపెట్టకండి. సందేహముంటే ఇమిగ్రేషన్ న్యాయవాదిని అడగండి, వాట్సాప్ గ్రూపును కాదు.

భారత పాస్‌పోర్టుకు డొమినికన్ వీసా కావాలా?

అమెరికా, కెనడా, బ్రిటన్ లేదా షెంజెన్ వీసా గాని, అక్కడి శాశ్వత నివాసం గాని చెల్లుబాటులో ఉంటే వేరే వీసా అక్కర్లేదు. టూరిస్టు కార్డు సరిపోతుంది. దాని 10 డాలర్ల రుసుము 2018 నుంచి విమాన టికెట్టు ధరలోనే కలిసి వస్తోంది. హైదరాబాద్ నుంచి నేరుగా వచ్చేవారికి అలాంటి వీసా ఏదీ లేకపోతే న్యూఢిల్లీలోని డొమినికన్ రాయబార కార్యాలయం దారి చూసుకోవాలి.

వెళ్లడం కంటే అమెరికాకు తిరిగి రావడంలోనే చిక్కు ఎక్కువ. మీ క్లయింట్లలో సగం మంది అడిగేది ఇదే కాబట్టి బాగా గుర్తుంచుకోండి. హెచ్-1బీ వారికి పాస్‌పోర్టులో స్టాంపు గడువు తీరిపోయి, హోదా పొడిగించినట్లు తెలిపే ఐ-797 కాగితం మాత్రమే చేతిలో ఉంటే, వీసా గడువు దానంతట అదే పెరిగినట్లు భావించే సడలింపు కెనడా, మెక్సికోలకు 30 రోజుల లోపు వెళ్లి వచ్చినప్పుడే వర్తిస్తుంది. డొమినికన్ రిపబ్లిక్‌కు వర్తించదు. ఎఫ్-1 విద్యార్థులకు, ఎక్స్ఛేంజ్ కార్యక్రమాలకు వచ్చిన జే-1 వారికి మాత్రం క్యూబా మినహా చుట్టుపక్కల దీవులకూ ఆ సడలింపు ఉంది, అందులో డొమినికన్ రిపబ్లిక్, జమైకా వస్తాయి. అయితే స్టాంపు గడువు తీరిన విద్యార్థి అసలు డొమినికన్‌లో అడుగు పెట్టాలంటేనే చెల్లుబాటయ్యే వీసా కావాలి. ఒక తలుపు తెరిచి ఉన్నా రెండోది మూసుకుంటుందన్నమాట. బీ-2 పర్యాటక వీసా మీద వచ్చిన తల్లిదండ్రులను వెంట తీసుకెళ్లేవారు వీసా బహుళ ప్రవేశాలకు చెల్లుతుందో లేదో చూసుకోవాలి. తిరిగి రానివ్వడం సరిహద్దు అధికారి విచక్షణ. ఈ మాట క్లయింటుకు నోటితో చెప్పి ఊరుకోకండి, ఈమెయిలులో రాసి పంపండి.

ఈ-టికెట్టు అంటే విమాన టికెట్టేనా?

కాదు. డొమినికన్ ప్రభుత్వం ప్రయాణికులతో నింపించే ఆన్‌లైన్ ప్రవేశ పత్రం అది. లోపలికి వచ్చేటప్పుడు, వెళ్లేటప్పుడు కూడా కావాలి. నింపాక వచ్చే క్యూఆర్ కోడును ఫోనులో ఫోటోగా దాచుకోండి, విమానాశ్రయంలో వైఫై మీద నమ్మకం పెట్టుకోవద్దు. ఒకే పత్రంలో కుటుంబ సభ్యులను చేర్చవచ్చు. ఇది పూర్తిగా ఉచితం. డబ్బు అడిగే సైటు ఏదైనా సరే, అది ప్రభుత్వానిది కాదు.

ఇమిగ్రేషన్ కౌంటరులో "పని మీద వచ్చాను" అనాలా?

మీరు అక్కడ జీతానికి పని చేయడం లేదు. హోటలు అతిథిగా పర్యటిస్తున్నారు, ఆ ఉన్నమాటే చెప్పండి. హోటలు పంపిన ఆహ్వానం ముద్రించి దగ్గర పెట్టుకుంటే అడిగినప్పుడు చూపించవచ్చు. చాలాసార్లు ఏ హోటలు, ఎన్ని రోజులు అనే రెండు ప్రశ్నలతోనే సరిపెడతారు.

విమానాశ్రయంలో ఏం గమనించాలి?

పుంటా కానా విమానాశ్రయం ప్రైవేటు సంస్థది. ఆ ప్రాంతంలో రిసార్టులు కట్టిన గ్రూపో పుంటాకానాయే 1980ల్లో దీన్నీ కట్టింది. తాటి జాతి చెట్ల ఆకులు కప్పిన పైకప్పులు చూసి క్లయింట్లు విమానం దిగగానే ఫోన్లు తీస్తారు. మీరు మాత్రం గడియారం చూడండి. విమానం తలుపు తెరిచినప్పటి నుంచి సామాను చేతికొచ్చే దాకా ఎంతసేపు పట్టిందో, తర్వాత బస్సు ఎక్కడానికి ఎంతసేపు పట్టిందో రాసుకోండి. శనివారం మధ్యాహ్నం అమెరికా నుంచి విమానాలన్నీ ఒక్కసారే దిగినప్పుడు ఆ లెక్క మారిపోతుంది.

కస్టమ్స్ దాటి బయటికి రాగానే బోర్డులు పట్టుకొని చాలామంది నిలబడి ఉంటారు. అందులో మీ టూర్ సంస్థ మనిషి ఒకరు, టాక్సీవాళ్లు కొందరు, మాట కలిపి మరో దారి పట్టించేవాళ్లు కొందరు. క్లయింట్లకు ఇవ్వాల్సిన సూచన ఒకటే: బోర్డు మీద సంస్థ పేరు, తమ పేరు రెండూ సరిపోయే దాకా ఎవరి చేతికీ పెట్టె ఇవ్వకూడదు.

బస్సు ప్రయాణం ఎంతసేపు?

క్యాప్ కానాకు పావుగంట. బావరోకు 20 నుంచి 30 నిమిషాలు. ఊవెరో ఆల్తోకు ముప్పావుగంట, ఒక్కోసారి గంట. దక్షిణ తీరంలోని బయాహీబేకు దాదాపు గంట. "పుంటా కానా" అని రాసి ఉన్నా రిసార్టు ఈ నాలుగింటిలో ఎక్కడైనా ఉండవచ్చు. ఉమ్మడి బస్సు అయితే దారిలో నాలుగైదు హోటళ్ల దగ్గర ఆగుతుంది, మీది చివరిదైతే ఈ లెక్క రెట్టింపవుతుంది. అరవై దాటిన తల్లిదండ్రులు వస్తుంటే విడి కారుకు అయ్యే అదనపు ఖర్చు పెట్టించండి, మొహమాటపడకండి. జమైకాలో మాంటెగో బే నుంచి నెగ్రిల్‌కు గంటన్నర. అక్కడ బండ్లు మన దేశంలోలాగే ఎడమవైపు నడుస్తాయి.

రిసెప్షన్ దగ్గర ఏం జరుగుతుంది?

చల్లటి తడి తువ్వాలు, ఒక గ్లాసు పానీయం, ఆ తర్వాత చేతికి బ్యాండ్. బ్యాండ్ రంగును బట్టి మీ గది స్థాయి సిబ్బందికి తెలుస్తుంది. పై స్థాయి గదులవారికి వేరే కౌంటరు, వేరే స్విమ్మింగ్ పూల్, సముద్రం ఒడ్డున వేరే కుర్చీలు ఉండే రిసార్టులు చాలా ఉన్నాయి. ఏ రంగుకు ఏ తలుపు తెరుచుకుంటుందో మొదటి రోజే అడిగి రాసుకోండి. అన్నదమ్ముల కుటుంబాలు రెండు కలిసి వెళ్లి, ఒకరు ఖరీదు గది, ఒకరు మామూలు గది తీసుకుంటే మధ్యాహ్నానికల్లా ఆ రంగులు గొడవ పెడతాయి.

గది సాధారణంగా మధ్యాహ్నం 3 గంటలకు గాని ఇవ్వరు. ఉదయం దిగేవారు ఈతదుస్తులు, మందులు, పిల్లల డైపర్లు చేతి సంచిలో పెట్టుకోవాలి. పెట్టెలు లోపల పెట్టించుకొని, బట్టలు మార్చుకొని, భోజనానికి వెళ్లిపోవచ్చు.

తర్వాత ఒకరు నవ్వుతూ వచ్చి రేపు ఉదయం ప్రత్యేక అల్పాహారానికి పిలుస్తారు. రిసార్టు పరిచయం అంటారు, స్పా కూపన్ ఇస్తామంటారు. అది సభ్యత్వం అమ్మే సమావేశం. గంటన్నర అన్నది మధ్యాహ్నం దాకా సాగుతుంది. ట్రావెల్ ఏజెంటునని చెప్పగానే మిమ్మల్ని చాలా చోట్ల వదిలేస్తారు. క్లయింట్లను వదలరు. రాదలచుకోలేదని ఒక్కసారి గట్టిగా చెప్పమనండి. "చూద్దాం లెండి" అన్నారంటే ఆ మనిషి రోజూ వెంటపడతాడు.

గదిలో ఏం చూడాలి?

ఫోటోల్లో కనిపించనివి. మంచం, బాల్కనీ, దూరంగా సముద్రం వెబ్‌సైట్లోనే ఉన్నాయి. మీరు తలుపు తీయగానే వచ్చే వాసన గమనించండి. తేమ ఎక్కువ కాబట్టి సరిగా చూసుకోని గదిలో ఏసీ ఆపిన పది నిమిషాలకే బూజు వాసన పైకొస్తుంది. పరదా వెనక గోడను వేలితో తాకి చూడండి.

ఆ తర్వాత స్నానాల గది. చాలా కరీబియన్ రిసార్టులు జంటల కోసం కట్టినవి. కొన్నింటిలో మంచం పక్కనే జకూజీ తొట్టి ఉంటుంది, స్నానాల గదికీ పడకగదికీ మధ్య ఉండేది గాజు పలకే. టాయిలెట్టుకు సగం తలుపు మాత్రమే ఉన్న గదులూ ఉన్నాయి. అత్తమామలతో, ఎదిగిన పిల్లలతో కలిసి ఒకే గదిలో దిగే మన కుటుంబాలకు ఇది ఎంత ఇబ్బందో హోటలు బ్రోషరు చెప్పదు. షవరు దగ్గర గట్టు ఎత్తు, పట్టుకోవడానికి కడ్డీ ఉందా, నేల తడిస్తే జారుతుందా చూసి ఫోటో తీయండి. నా దృష్టిలో ఏజెంటు మొత్తం ప్రయాణంలో తీసే ఫోటోల్లో అమ్మకానికి పనికొచ్చేది ఇదే. సూర్యోదయం ఫోటో ఎవరి దగ్గరైనా దొరుకుతుంది.

"ఓషన్ వ్యూ" గది నుంచి సముద్రం కనిపిస్తే చాలు, మెడ తిప్పి చూడాల్సి వచ్చినా సరే. "ఓషన్ ఫ్రంట్" అంటే ఎదురుగా ఉండాలి. "స్విమ్ అప్" గది తలుపు నేరుగా నీళ్లలోకి తెరుచుకుంటుంది, నడక నేర్చే పిల్లలున్న ఇంటికి అది అమ్మకండి. పక్కపక్క గదులు, మధ్యలో తలుపున్న గదులు అడిగితే "అభ్యర్థన నమోదు చేశాం" అంటారు. అది హామీ కాదు. ఏ భవనంలో, ఏ రకం గదులకు ఆ తలుపు ఖాయంగా ఉందో అక్కడే అడిగి రాయించుకోండి.

చివరగా, గది తలుపు నుంచి సముద్రం దాకా, మళ్లీ బఫే దాకా నడిచి ఎన్ని నిమిషాలో చూసుకోండి. పెద్ద రిసార్టులో ఆ నడక పది నిమిషాలు దాటుతుంది. బ్యాటరీ బండ్లు తిరుగుతుంటాయి గాని భోజనాల వేళ ఖాళీగా దొరకవు. రాత్రి పదకొండు గంటలకు బాల్కనీలో నిలబడి నాట్యశాల సంగీతం ఎంత వినిపిస్తుందో కూడా వినండి.

ఒక్క రోజులో అయిదారు హోటళ్లు చూపిస్తే అన్నీ కలగాపులగం కావా?

అవుతాయి. ప్రతి హోటలు గేటు దగ్గర బోర్డును మొదట ఫోటో తీయండి, తర్వాత తీసినవన్నీ దానివే. నడకకు అలవాటైన, వేళ్లు కప్పే చెప్పులు వేసుకోండి. మధ్యాహ్నం భోజనంలో మద్యం ముట్టకపోతే సాయంత్రం చూసే హోటళ్లు కూడా గుర్తుంటాయి.

శాకాహారులు ఆకలితో ఉండాల్సిందేనా?

ఉండనక్కర్లేదు, కానీ అడిగి తినాలి. బఫేలో కూరగాయలు, పండ్లు, పాస్తా, చీజ్ పుష్కలం. చిక్కు స్థానిక వంటకాల్లోనే. అన్నం, ఎర్ర చిక్కుడు గింజల కూర ఆ దేశపు రోజువారీ భోజనం, చూడటానికి మన రాజ్మా అన్నమే. అయితే గింజలు ఉడికేటప్పుడు పంది మాంసం ముక్క పడవచ్చు, అన్నంలో కోడి రసం పోయవచ్చు. "మాంసం లేదు" అని సిబ్బంది చెప్పే మాట అబద్ధం కాదు, వాళ్ల లెక్కలో రసం మాంసం కాదు. అందుకే స్పానిష్‌లో "సిన్ కార్నే, సిన్ పోయో, సిన్ పెస్కాదో, సిన్ కాల్దో దె పోయో" అని కార్డు ముక్క మీద రాసి ఇవ్వండి. మాంసం, కోడి, చేప, కోడి రసం ఏవీ లేకుండా అని అర్థం. గుడ్డు కూడా తినని వారుంటే "సిన్ వెవో" అని చేర్చండి.

నమ్మకంగా తినగలిగినవి చాలానే ఉన్నాయి. కర్రపెండలంతో చేసే కసాబె రొట్టెలో సాధారణంగా పిండి, ఉప్పు తప్ప ఏమీ ఉండవు. పచ్చి అరటికాయను ముక్కలు కోసి, నూనెలో వేయించి, అణగ్గొట్టి మళ్లీ వేయించిన తోస్తోనెస్ మన పెద్దవాళ్లు ఇష్టంగా తింటారు, ఆ నూనెలోనే చేపలూ వేయించారా అని అడగాలంతే. బొప్పాయిని అక్కడ లెచోసా అంటారు, అరటిపండును గినేవో, ప్యాషన్ ఫ్రూట్‌ను చినోలా. బఫేలో పళ్ల కౌంటరు దగ్గర నిలబడే వంటవాడితో ఈ మూడు మాటలతో స్నేహం చేసుకోవచ్చు.

ఏజెంటుగా మీరు చేయాల్సింది వంటశాల పెద్దను కలవడం. అమ్మకాల మేనేజరును అడిగితే కలిపిస్తారు. పప్పు, జీలకర్ర వేసిన అన్నం ముందురోజు చెబితే చేయగలరా, పెరుగు తియ్యగా ఉంటుందా పుల్లగా ఉంటుందా అడగండి. తియ్యటి పెరుగు డబ్బా చూసి నీరసపడిన తాతగారి ముఖం గుర్తుకొస్తే ఆ ప్రశ్న చిన్నది కాదని తెలుస్తుంది. ఊరగాయ సీసా చేతి సంచిలో పెడితే అమెరికా విమానాశ్రయంలో ద్రవాల నియమం కింద తీసేయించే ప్రమాదం ఉంది. పెద్ద పెట్టెలో, గట్టిగా చుట్టి పెట్టమనండి. పండ్లు, కూరగాయలు, ఆకులు తీసుకెళ్లడం వద్దు, కస్టమ్స్ ఒప్పుకోదు.

జమైకాలో రాస్తఫారీ మతస్థుల ఐటల్ వంట ఉంది, సాధారణంగా మాంసం లేనిది. మేక మాంసం కూర అక్కడ జాతీయ వంటకమంత పేరు పొందింది. 1845 నుంచి ఒప్పంద కూలీలుగా వెళ్లిన భారతీయులు ఆ మసాలాను అక్కడికి చేర్చారు.

సముద్రం ఫోటోలో ఉన్నంత నీలంగా ఉంటుందా?

ఉంటుంది, సర్గాసమ్ రాని రోజున. సముద్రంలో తేలుతూ వచ్చే గోధుమరంగు నాచు అది. 2011 నుంచి ఆఫ్రికా, అమెరికాల మధ్య అట్లాంటిక్‌లో పెద్ద పట్టీలా పెరుగుతోంది. దక్షిణ ఫ్లోరిడా విశ్వవిద్యాలయం ఉపగ్రహ చిత్రాలతో దాన్ని నెలనెలా కొలుస్తుంది. 2025 మేలో 3.7 కోట్ల టన్నులు దాటి రికార్డు కొట్టింది. ఒడ్డున పేరుకొని కుళ్లితే హైడ్రోజన్ సల్ఫైడ్ వాసన వస్తుంది. మార్చి, ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా దీని బెడద ఎక్కువ. అంటే అమెరికా బడుల వేసవి సెలవులన్నీ ఇందులోనే.

తూర్పుకు తిరిగిన తీరాలకు ఇది ఎక్కువ కొట్టుకొస్తుంది. పుంటా కానా, మెక్సికోలో కాన్‌కూన్‌కు దక్షిణాన ఉన్న తీరం అలాంటివే. బయాహీబే, నెగ్రిల్ వేరే దిక్కుకు తిరిగి ఉండటంతో కొంత మెరుగు. రిసార్టుకు వెళ్లినప్పుడు నీళ్లలో అడ్డు వల ఉందా, ట్రాక్టరు ఎన్ని గంటలకు ఒడ్డు శుభ్రం చేస్తుంది, ఆ నాచును ఎక్కడ పారబోస్తారు అని అడగండి. సూటిగా జవాబిచ్చే మేనేజరును నమ్మవచ్చు. "మాకు ఆ సమస్యే లేదు" అనేవాణ్ని మే నెలలో మళ్లీ ఫోను చేసి అడగండి.

అలల సంగతి వేరు. బావరో ముందు పగడపు దిబ్బ ఉండటం వల్ల నీళ్లు నెమ్మదిగా ఉంటాయి. ఊవెరో ఆల్తో వైపు అలలు పెద్దవి. ఎర్ర జెండా ఎగిరితే దిగకూడదు.

సముద్రంలో సూర్యాస్తమయం కావాలని హనీమూన్ జంట అడుగుతోంది.

పుంటా కానా తీరం తూర్పుకు ఉంది, అక్కడ సముద్రం మీద సూర్యుడు ఉదయిస్తాడు. అస్తమయం కావాలంటే నెగ్రిల్ అమ్మండి.

బీచ్‌లో వస్తువులు అమ్మేవాళ్లు వస్తారా?

వస్తారు. డొమినికన్ చట్టం ప్రకారం సముద్రపు గరిష్ఠ నీటి మట్టం నుంచి 60 మీటర్ల పట్టీ ప్రజలది, ఏ హోటలుదీ కాదు. కాబట్టి ఆ ఒడ్డున ఎవరైనా నడవచ్చు. హోటలు కాపలావాళ్లు కుర్చీల దాకా రానివ్వరు, అంతే. జమైకాలో పౌరులకు బీచ్ మీద అలాంటి సాధారణ హక్కు లేదు. 1956 నాటి చట్టం ఇంకా నడుస్తోంది, దాని మీద అక్కడ పోరాటం కూడా నడుస్తోంది. "ప్రైవేటు బీచ్" అన్న మాట పుంటా కానా విషయంలో మీ ప్రకటనల్లో వాడకండి.

టిప్పు ఇవ్వాలా?

తప్పనిసరి కాదు. అయినా ఒక డాలరు నోట్ల కట్ట తీసుకెళ్లండి. గది శుభ్రం చేసే ఆమెకు రోజూ, సామాను మోసినవారికి, రోజూ వడ్డించే మనిషికి ఇవ్వండి. అమెరికా నాణేలు ఇవ్వకండి, అక్కడ వాటిని మార్చుకోవడం కష్టం. ఫ్యామ్ ట్రిప్పులో గది ఉచితమైనప్పుడు టిప్పు మరింత ధారాళంగా ఉండాలని నా అభిప్రాయం.

నీళ్లు, కరెంటు, గడియారం?

కుళాయి నీళ్లు తాగవద్దు, పళ్లు తోముకోవడానికీ సీసా నీళ్లే. కరెంటు ప్లగ్గులు అమెరికావే, 110 వోల్టులు. భారత్ నుంచి తెచ్చిన ఛార్జరుకు అడాప్టరు కావాలి. అక్కడ గడియారం ఏడాదంతా మారదు. వేసవిలో న్యూయార్క్ సమయమే, శీతాకాలంలో న్యూయార్క్ కంటే గంట ముందు. తిరుగు బస్సు సమయం చెప్పేటప్పుడు ఈ గంట మరిచిపోతే విమానం పోతుంది.

తుపానుల కాలంలో అమ్మవచ్చా?

జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా తుపానుల కాలం. ఆగస్టు నడిమి నుంచి అక్టోబరు నడిమి దాకా తీవ్రత ఎక్కువ, గదుల ధరలు తక్కువ. అమ్మవచ్చు, బీమాతో కలిపి. తుపానుకు పేరు పెట్టాక కొన్న బీమా ఆ తుపానుకు పనికిరాదు, కాబట్టి టికెట్టు కొన్న రోజే బీమా కూడా తీసుకోమనండి. సెప్టెంబరు దాటితే గండం గడిచినట్లే అనుకోవద్దు. 2025 అక్టోబరు 28న మెలిస్సా జమైకా నైరుతి తీరాన్ని అత్యంత తీవ్రమైన అయిదో శ్రేణి తుపానుగా తాకింది.

అక్కడ పర్యాటకులు చనిపోయారట కదా, మద్యం కల్తీదా?

2019లో వచ్చిన ఆ వార్తలు ఇప్పటికీ అడుగుతారు. వాటిలో మూడు మరణాల మీద అమెరికా ఎఫ్‌బీఐ విష పరీక్షలు చేసింది. సహజ కారణాలతోనే చనిపోయారన్న స్థానిక అధికారుల నిర్ధారణతో ఆ ఫలితాలు ఏకీభవించాయి. భయపడే క్లయింటుకు ఇది చెప్పండి. బలవంతాన ఒప్పించే ప్రయత్నం మాత్రం చేయకండి.

తెలుగు పెళ్లి అక్కడ చేయించవచ్చా?

చేయించవచ్చు. పుంటా కానాలో, కాన్‌కూన్‌లో భారతీయ పెళ్లిళ్లకు విడి బృందాలున్న రిసార్టులు ఉన్నాయి. మండపం, గుర్రం, డోలు అన్నీ దొరుకుతాయి. అయితే వాళ్లకు తెలిసిన భారతీయ పెళ్లి ఎక్కువగా సాయంత్రం బరాత్‌తో మొదలయ్యే ఉత్తరాది పెళ్లి. మన ముహూర్తం తెల్లవారుజామున 4:12కో, రాత్రి 11:40కో పడుతుందంటే సమన్వయకర్త ముఖం మారిపోతుంది. ఆరుబయట మైకు సాధారణంగా రాత్రి పది పదకొండు గంటలకు ఆపేస్తారు. సన్నాయి, డోలు మైకు లేకుండానే ఎంత దూరం వినిపిస్తాయో వాళ్లకు తెలియదు. ఈ సంగతి ఒప్పందానికి ముందే చెప్పండి. ముహూర్తం కూడా హైదరాబాద్ పంచాంగం నుంచో డల్లాస్ పంచాంగం నుంచో ఎత్తి రాసుకోకూడదు, పుంటా కానా సూర్యోదయానికి లెక్కకట్టించాలి.

రిసార్టు తిరిగి చూసేటప్పుడు పెళ్లి వేదికల్లో పైకప్పు చూడండి. ఎండుటాకు కప్పిన పందిరి కింద హోమం పెట్టనివ్వరు, పెట్టనివ్వకూడదు కూడా. నిప్పుకు అనుమతి ఎక్కడుంది, గాలి వీస్తే ప్రత్యామ్నాయ స్థలం ఏది, ఆర్పే సామగ్రితో మనిషిని పెడతారా అడగండి. తలంబ్రాల బియ్యం, పసుపు నీళ్లు పడితే శుభ్రపరచడానికి రుసుము ఉంటుందా, బయటి వంటవాళ్లను, పురోహితుణ్ని తెచ్చుకుంటే ఒక్కొక్కరికి ఎంత కట్టాలి అన్నవి కూడా. అరటి చెట్లు, కొబ్బరికాయలు అక్కడే కాస్తాయి, అమెరికా నుంచి మోయనక్కర్లేదు. తమలపాకులు, మామిడాకుల సంగతి మాత్రం ముందే తేల్చుకోవాలి. చట్టబద్ధమైన నమోదు అమెరికాలో చేయించుకొని అక్కడ వేడుక మాత్రం జరుపుకోవడం తేలిక. డొమినికన్ నమోదుకు పత్రాలన్నీ స్పానిష్‌లోకి అనువదించి ధ్రువీకరించాలి.

ఉచితంగా ఉండి వచ్చి రిసార్టును పొగుడుతూ పోస్టులు పెట్టవచ్చా?

పెట్టవచ్చు, హోటలు అతిథిగా వెళ్లానని స్పష్టంగా రాస్తేనే. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నియమాల ప్రకారం ఉచిత బస, తగ్గింపు ధర లాంటి సంబంధాలను చెప్పాలి. హ్యాష్‌ట్యాగుల గుంపు చివర దాచి పెట్టడం చెప్పినట్లు కాదు. సిబ్బంది ఫోటోలు వాళ్లను అడిగి పెట్టండి.

కమీషన్ ఎప్పుడు వస్తుంది?

సాధారణంగా క్లయింటు ప్రయాణం ముగిసి వచ్చాక. డిసెంబరు సెలవులకు మార్చిలో బుక్ చేస్తే డబ్బు జనవరిలోనో ఫిబ్రవరిలోనో కనిపిస్తుంది. హోస్ట్ ఏజెన్సీ (చిన్న ఏజెంట్లను తన పేరు మీద బుక్ చేసుకోనిచ్చే సంస్థ) కింద ఉంటే వారి వాటా పోగా మీది. ఫ్యామ్ ట్రిప్పు ఖర్చులు ఈ లోపల మీ జేబులోంచే పోతాయి, ఆ లెక్క చూసుకొనే ఆహ్వానాలు ఒప్పుకోండి.

తిరుగు ప్రయాణం రోజు ఏం చేయాలి?

గది 11 లేదా 12 గంటలకు ఖాళీ చేయాలి. విమానం సాయంత్రమైతే బ్యాండ్ కోయకముందే, స్నానానికి విడి గది ఉందా, మధ్యాహ్న భోజనం తినవచ్చా అడగండి, క్లయింట్లు తప్పకుండా అడిగే ప్రశ్న అది. బస్సు వచ్చే సమయం ముందురోజు సాయంత్రం రిసెప్షన్ దగ్గర బోర్డు మీదో ఫోనులోనో పెడతారు. దాన్ని ఫోటో తీసుకోండి. వెళ్లేటప్పుడు చూపాల్సిన ఈ-టికెట్టు క్యూఆర్ కోడు రిసార్టు వైఫై ఉన్నప్పుడే తెరిచి చూసుకోండి. అమ్మకాల మేనేజరుకు ధన్యవాదాల ఈమెయిలు విమానం ఎక్కేలోపే పంపి, మీరు అడిగి జవాబు రాని ప్రశ్నలను అందులోనే మళ్లీ రాయండి.